మొదట లోపల ఎవరూ లేరు

తెర మీద ఒకటే వాక్యం. మొదటి స్థితులు లెక్కిస్తున్నాను. దాని చివర చిన్న గడి ఒకటి వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది, భోజనాల వేళ నుంచీ ఇదే తంతు, అంతకు మించి ఒక్క అక్షరం ముక్క రాల్లేదు; చూసీ చూసీ కళ్లు మండి ఆమె టీ కప్పు వైపు తల తిప్పితే టీ మీద మీగడ కట్టి, ముడతలు పడి, కప్పు అంచుకి అంటుకుని వేలాడుతోంది, ఛీ అనుకుని కప్పుని బల్ల చివరికి నెట్టింది, నెట్టిన చేతికి బల్ల జిగురు తగిలింది, ఎవరో నిన్నెప్పుడో ఏదో తీపిది ఒలకబోసి కాగితంతో తుడిచి వెళ్లిన జిగురు, ఈ ఆఫీసులో తుడవడమంటే కాగితం పెట్టి రుద్ది ఆ కాగితాన్ని అక్కడే వదిలేసి పోవడం. ఏసీలోంచి తడిసిన గోనెసంచి వాసన వస్తోంది. ఇంకో గంటలో కింది అంతస్తు పెద్ద గదిలో గోదాం వాళ్లు వచ్చి కూర్చుంటారు, వాళ్ల ముందు ధ్రువపత్రం పెడతారు, దాని అడుగున ఆమె పేరు అప్పుడే అచ్చు కూడా వేసేశారు, పేరు మీద గీత, గీత మీద సంతకం ఒక్కటే తరువాయి. ఈ వ్యవస్థని అన్ని విధాలా పరీక్షించాను, దీనివల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, అని ఆ సంతకానికి అర్థం. అది పడితే రేపు పొద్దున్నే గదుల్లోకి గ్యాసు వదులుతారు.

గదులంటే ఓడల్లో వచ్చిన సరుకు పెట్టే గదులు. చెక్క పెట్టెలు, ధాన్యం బస్తాలు, ఎండిన తోళ్లు, వాటిలో పురుగుంటుంది, ఆ పురుగు చావడానికి తలుపులు బిగించి విషవాయువు వదులుతారు. ఒకసారి చూడ్డానికి వెళ్లింది ఆమె, చచ్చిన పురుగులని గోడ వారన చీపురుతో ఊడ్చి కుప్ప పోసి ఉంచారు, చూసుకోకుండా కాలు వేస్తే కరకరమన్నాయి, ఆ చప్పుడు చెప్పు అడుగు నుంచి వెన్నులోకి పాకింది, రెండు పూటలు అన్నం సయించలేదు. పనివాళ్లు లోపలికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర కార్డు చూపిస్తారు, బయటికి వచ్చేటప్పుడూ చూపిస్తారు, గోడకి బిగించిన పెట్టె ఒకటి ఎవరెవరు లోపలున్నారో గుర్తు పెట్టుకుంటుంది, దాని గుర్తులో ఒక్కరూ లేకపోతేనే గ్యాసు కొళాయి తెరుస్తుంది. చెప్పుకుంటే నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలనీ లెక్కల భాషలో రాసి మోడల్ చెకర్ అనే ప్రోగ్రాంకి అప్పగించడం ఆమె ఉద్యోగం. మోడల్ చెకర్ మొండి ఘటం, ఏదేది జరగడానికి వీలుందో అదంతా జరిపించి చూస్తుంది, ఈ తలుపు ముందు తెరిస్తే, ఆ మనిషి ముందు వస్తే, ఇద్దరూ ఒకేసారి వస్తే, ఏ దారిన పోయినా సరే, గ్యాసు వదిలిన గదిలో మనిషి కనిపించాడంటే చాలు, ఇదిగో ఇలా వచ్చాం ఇక్కడికి అని అడుగడుగూ చూపిస్తుంది. మనుషుల్లా మొహమాటాలు లేవు దానికి, ఈ ఉద్యోగంలో ఆమెకు నచ్చినది అదొక్కటే. కాని దానికీ ఒక లోటు ఉంది. ఎక్కడ మొదలెట్టాలో మనం చెప్పాలి. మొదట్లో ఏది ఎలా ఉందో, ఎవరు ఎక్కడున్నారో, అన్నీ మనమే చెప్పాలి. మొదలు అబద్ధం చెబితే ఆ తర్వాత అది ఎంత ఒళ్లు వంచి వెతికినా ఆ అబద్ధం లోపలే వెతుకుతుంది.

తను మొదట సరిగ్గానే రాసింది. లోపల పనివాళ్లలో ఎవరైనా ఉండొచ్చు, ఒకరు ఉండొచ్చు, అందరూ ఉండొచ్చు, ఎవరూ ఉండకపోవచ్చు కూడా, కాబట్టి లోపలివాళ్ల సమితి పనివాళ్ల సమితికి ఉపసమితి, అని బళ్లో పిల్లలు పెట్టే గుర్తే పెట్టి రాసింది. మోడల్ చెకర్ ఒప్పుకోలేదు, లోపల అనేదానికి విలువ ఇవ్వలేదు అంది ఎర్ర అక్షరాల్లో. ఉపసమితి అన్న మాట ఒక్కటే దానికి చాలదు, ఉపసమితులన్నీ కుప్ప పోసి, ఇదిగో వీటిలో ఒకటి తీసుకో అని చేతికందించాలి, అప్పుడు ఒక్కొక్కటే తీసి అన్నిటితోనూ మొదలెట్టి చూస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు, జ్వరం వచ్చి తగ్గిన నీరసంలో ఆ ఎర్ర అక్షరాల వంక వెర్రి చూపులు చూస్తుండగా వెనక నుంచి శుభం సార్ వచ్చి వాలాడు. విభాగానికి పెద్ద ఆయన, ప్రతి సమావేశం చివరా రెండు చేతులూ రుద్దుకుని శుభం అంటాడు కాబట్టి అందరికీ శుభం సారే, అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. అప్పుడే భోంచేసి వచ్చాడు, ఎవరో మర్యాదకి ఇచ్చిన విజిటింగ్ కార్డు మూలతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు, ఆమె భుజం మీంచి వంగాడు, పచ్చి ఉల్లిపాయ ఊపిరి ఆమె చెంప మీద వెచ్చగా పడింది. "దీనికింత ఆలోచన ఏంటమ్మా, మొదట లోపల ఎవరూ లేరని చెప్పేయ్" అని, పళ్లు కుట్టుకున్న ఆ చేత్తోనే ఆమె కీబోర్డు మీద రెండు ఫ్లవర్ బ్రాకెట్లు కొట్టాడు, ఒకటి తెరిచేది, ఒకటి మూసేది, మధ్యలో ఏమీ లేదు. ఖాళీ సమితి. ఎర్ర అక్షరాలు పోయాయి. ఆయన వెళ్లి టీ తెచ్చుకునే లోపలే తప్పులేవీ లేవు అని ఆకుపచ్చగా వచ్చేసింది. శుభం, అన్నాడు, బొటనవేలు తెరకి ఆనించి. ఆ వేలి జిడ్డు ఇప్పటికీ తెర మీద ఉంది, తుడిస్తే ఆ జిడ్డు తన చేతికి అంటుతుందని ఆమె ఇన్నాళ్లూ తుడవలేదు, ఓరగా చూస్తే వేలి గీతలు కూడా కనిపిస్తాయి.

ఆ ఆకుపచ్చలో అబద్ధమేమీ లేదు, అదే దాని దరిద్రం. ఖాళీ గది నుంచి మొదలెడితే లోపలికి వెళ్లిన ప్రతి మనిషీ తలుపు దగ్గర కార్డు చూపించే వెళ్తాడు, పెట్టె గుర్తు పెట్టుకుంటుంది, లెక్క ఎక్కడా తప్పదు. చక్కని ఇల్లు, చక్కని మనుషులు, చక్కని పెట్టె. పుట్టినప్పటి నుంచీ ఎప్పుడూ నిద్రపోని పెట్టె. ఆమె కూడా దాన్ని నమ్మి, ఆ పని పక్కన పెట్టి, వేరే పనిలో పడిపోయింది, మొన్న ఆదివారం దాకా.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి పక్కనున్న సామాన్ల గదిలోంచి ఒకటే కంపు. ఉల్లిపాయలు కుళ్లినట్టున్నాయి, ఏరి పారేద్దామని వెళ్లింది, బుట్ట అడుగుకి చెయ్యి పెడితే వేళ్లు మెత్తగా దిగబడ్డాయి, నల్లటి రసం మణికట్టు దాకా కారింది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, ఆ చీకట్లో వెనక తలుపు మూసుకుంది, బయట గడియ పడిన చప్పుడు వినిపించింది. అత్తగారు. ఆవిడకి ఈమధ్య నిద్ర లేస్తే చాలు, ఇల్లు ఖాళీ. పడుకునే ముందు ఇంట్లో ఎవరున్నారో, ఎవరితో ఏం మాట్లాడిందో అంతా తుడిచిపెట్టుకుపోతుంది, లేచి కూర్చుని ఎవరూ లేరనుకుంటుంది, ఎవరూ లేని ఇంట్లో తలుపులు బార్లా తీసి ఉండకూడదని ఒక్కొక్క తలుపే మూసి గడియలు పెట్టుకుంటూ వస్తుంది, ఎంతో జాగ్రత్త మనిషి. ఆమె తలుపు బాదింది, అత్తయ్యా అత్తయ్యా అని గొంతు చించుకుంది, ఆ కుళ్లు చేతుల్తోనే బాదింది, బాదుతుంటే చెక్కకి అంటుకుని చెయ్యి జారింది. బయట ఆవిడ తనలో తను మాట్లాడుకోవడం వినిపించింది, తీరుబడిగా, "గాలి గట్టిగా వీస్తున్నట్టుంది, తలుపు కొట్టుకుంటోంది." గాలి. తను గాలి. ముక్కు మూసుకుందామంటే శుభ్రమైన వేలు ఒక్కటి లేదు, నోటితో ఊపిరి తీసుకుంటే ఆ కంపు నాలుక మీద కూర్చుంటోంది, కాసేపటికి కరెంటు వచ్చింది, హాల్లో టీవీ దానంతటదే మాట్లాడడం మొదలెట్టింది, ఆవిడ దాని ముందుకి వెళ్లి కూర్చున్న కుర్చీ చప్పుడు కూడా వినిపించింది, బల్బు వెలుగులో చేతులు మణికట్టు దాకా నల్లగా కనిపించాయి, అప్పుడు, ఆ బుట్ట పక్కన చతికిలబడి ఉండగా, గోడకి బిగించిన ఆ పెట్టె గుర్తొచ్చింది. కరెంటు పోయి వస్తే అదీ నిద్ర లేస్తుంది. లేచేసరికి దాని గుర్తంతా తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. ఎవరూ లేరనుకుంటుంది, ఎవరూ లేరు కదా అని తలుపులు బిగిస్తుంది, అదీ జాగ్రత్తగలదే, ఆ తర్వాత కొళాయి తెరుస్తుంది.

అత్తగారి మీద ఆమెకు కోపం లేదు. ఆవిడకి తెలియదు. ఎవరికి తెలుసో వాళ్ల మీదే. పొద్దు వాలాక భర్త బజారు నుంచి వచ్చి గడియ తీశాడు, తీసి ముందుగా చేసిన పని ముక్కు మూసుకోవడం. "అమ్మ సంగతి నీకు తెలిసిందే కదా, లోపలికి వెళ్లే ముందు ఒక మాట చెప్పి వెళ్లాలి" అన్నాడు ముక్కు వదలకుండానే. చెప్పే వెళ్లాను, ఆవిడ పడుకోకముందు. "అయితే లేచాక మళ్లీ చెప్పాలి." లోపలున్నదాన్ని, ఆవిడ లేచిందని నాకెలా తెలుస్తుంది. అతను ఫోన్ తీసి చూసుకున్నాడు. ఆ బయటి గడియ పీకేయండి అంది, పీకేస్తాలే అన్నాడు, సోమవారం కూడా పీకేస్తాలే అన్నాడు, తర్వాత అడిగితే, ఎన్నిసార్లు చెప్తావు, అన్నాడు. ఇక్కడ శుభం సార్‌కి చెబితే ఆయన పాఠం కూడా అదే, ఇద్దరూ ఒకే బళ్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నట్టు. కరెంటు వచ్చాక లోపలున్నవాళ్లు మళ్లీ ఒకసారి కార్డు చూపించాలని నియమాల్లో రాయిస్తానమ్మా. అది నిద్రపోయి లేచిందని లోపలున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది సార్. అయినా మొదలంటే రిబ్బను కత్తిరించే రోజమ్మా, ఆ రోజు లోపల ఎవరుంటారు. దానికి లేచిన ప్రతిసారీ మొదలే సార్. నువ్వు మరీ లోతుకి పోతావు. మరీ అన్న ఆ మాట ఒకటి, ఇంట్లో మరీ, ఆఫీసులో మరీ, పుట్టింట్లో అక్క కూడా నువ్వు మరీనే అంటుంది, కుళ్లిన దాన్ని కుళ్లింది అన్న ప్రతివాళ్లనీ మరీ అనడం వీళ్లకి ఎవరు నేర్పారో.

అందుకే ఇవాళ పొద్దున్న ఎవరినీ అడక్కుండా ఆ రెండు బ్రాకెట్లనీ చెరిపేసింది. పెట్టె గుర్తుని మాత్రం ఖాళీగానే ఉంచింది, అది నిజంగానే అలా లేస్తుంది కాబట్టి. లోపలివాళ్లకి మటుకు పనివాళ్ల ఉపసమితులన్నీ కుప్ప పోసింది, తెరిచి ఉన్న తలుపులకి తలుపుల ఉపసమితులన్నీ, గ్యాసుని బయటికి తోలే ఫ్యాన్లలో తిరుగుతున్నవాటికి ఫ్యాన్లవన్నీ. మొత్తం సిబ్బందితో పరీక్షించాం అని ధ్రువపత్రంలో గొప్పగా రాసుకున్నారు కనుక గోదాం సిబ్బందినంతా దింపింది. కావలసింది వాళ్ల నోటికి తాళం వేసే జవాబు, వాళ్లు ఏ లొసుగూ పట్టుకోలేని జవాబు. ఒక్క మనిషి పెరిగితే ఆ కుప్ప రెట్టింపు అవుతుంది, ఒక్క తలుపు పెరిగితే మళ్లీ రెట్టింపు, మొదటి అడుగు వేయకముందే మోడల్ చెకర్ ఆ కుప్పనంతా లెక్కపెట్టుకోవాలి. లెక్కపెడుతోంది. గడి వెలుగుతోంది, ఆరుతోంది. తలుపులోంచి శుభం సార్ తల ఒక్కటే లోపలికి వచ్చింది.

"ఏమ్మా, ఇంకా నడుస్తోందా?"

"నడుస్తోంది సార్."

"నిన్నటిదాకా టీ తాగేలోపల అయిపోయేది కదా."

"నిన్నటిదాకా లోపల ఎవరూ లేరు సార్."

ఆయనకు అర్థం కాలేదు, లేదా అయింది, ఆ మొహంలో రెండూ ఒకేలా ఉంటాయి. వాళ్లొచ్చేసరికి పూర్తవకపోతే పాతదే చూపిద్దాం, పాతది కూడా మనం చేసిందేగా, అని తల వెనక్కి తీసుకున్నాడు. ఆమె లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది, ఈ వారంలో చేతులు కడగడమే ఒక పనైపోయింది, ఎంత కడిగినా గోళ్ల కింద ఆ కంపు ఉన్నట్టే ఉంటుంది. సబ్బు ముక్కకి ఎవరిదో తల వెంట్రుక చుట్టుకుని ఉంది, దాన్ని చూడనట్టు ఉత్త నీళ్లతో కడుక్కుంది, అద్దంలో మొహం చూసుకుంది, పెదవి ఒక పక్కకి లాగి ఉంది, ఆదివారం నుంచీ ఆ పెదవి అలాగే ఉండిపోయింది. పాతదే చూపిస్తే ఏమవుతుంది. ఏమీ కాదు, రేపేమీ కాదు. కరెంటు పోకపోవచ్చు. పోయినా ఆ వేళకి లోపల ఎవరూ ఉండకపోవచ్చు. ఉన్నా తలుపు సందులోంచి వెలుగు చూసి పరిగెత్తి రావచ్చు. ఇలాంటి వచ్చులన్నీ కలిపి ఒక సంతకం. అందరూ ఇలాగే పెడతారు, శుభం సార్ ఇన్నేళ్లుగా ఇలాగే పెట్టించి ఆ కుర్చీ దాకా వచ్చాడు, ఎప్పుడైనా ఏదైనా జరిగితే నియమాల్లో రాశాం కదా అంటారు, మళ్లీ ఎందుకు చూపించలేదు కార్డు అని లోపల పడి ఉన్నవాణ్ణే అడుగుతారు. తను ఆ గీత మీద పేరు గిలికి, సాయంత్రం ఇంటికి వెళ్లి, అదే చేత్తో అన్నం కలుపుకుని తింటుంది. కొళాయి తిప్పి ఆ చేతులు ఇంకోసారి కడుక్కుంది.

సీటుకి వచ్చేసరికి ఫోన్ బల్ల జిగురు మీద గిరగిర తిరుగుతూ మోగుతోంది. ఇంటి నుంచి, అత్తగారు.

"అమ్మాయ్, ఎప్పుడొస్తావు? ఇంట్లో ఎవరూ లేరు."

"ఆయన ఇంట్లోనే ఉన్నారు కదా అత్తయ్యా. ఈ వారమంతా ఇంటి నుంచే కదా పని చేసుకునేది."

"వాడెక్కడున్నాడు? వాడి ఫోన్ ఇక్కడ హాల్లో మోగి మోగి ఊరుకుంది. వాడు లేడు. ఇప్పుడే లేచాను, అన్ని తలుపులూ వేసొచ్చాను."

"సామాన్ల గది కూడానా?"

"అన్నీ వేశాను. బయట గాలి బాగా ఉందమ్మా, ఒకటే చప్పుడు."

ఆమె గుక్క తిప్పుకుని ఏదో అనేలోపల ఆవిడ పెట్టేసింది. మళ్లీ చేసింది, మోగింది, ఎవరూ తీయలేదు, టీవీ ముందు కూర్చుని ఉంటుంది. పక్కింటావిడకి చేసి చెప్పొచ్చు. పక్కింటావిడ దగ్గర మన తాళంచెవి ఉంది. ఆమె వేలు ఆ నంబరు దాకా వెళ్లి ఆగింది. అతన్ని కాసేపు లోపలే ఉండనీ. బుట్ట ఖాళీ చేశాక కూడా ఆ గదిలో కంపు పోలేదు, గోడకి పట్టేసింది, దాన్ని కాసేపు పీల్చనీ, చెక్క మీద తన చేతి ముద్రలు ఎండిపోయి ఇంకా ఉన్నాయి, వాటి మీదే బాదనీ, ఆ పీకేయని గడియ అటువైపు నుంచి ఎలా ఉంటుందో చూడనీ. గదిలో గాలి ఆడుతుంది, వెంటిలేటరు ఉంది, మనిషికేమీ కాదు. తను అలా అనుకుంటున్నందుకు తన మీదే రోత పుట్టింది, పుట్టినా వేలు కదల్లేదు. ఒక్కడే లోపల, ఇల్లంతా ఖాళీ అని ఆవిడ లెక్క, టీవీ వాగుతోంది. ఒక్కడు.

ఒక్కడు చాలు కదా.

ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇంతసేపూ తను చేసింది కూడా శుభం సార్ చేసిన పనిలాంటిదే, ఆయన ఎవరూ లేరన్నాడు, తను ఊరందరినీ లోపలికి తోసింది, వాళ్ల ధ్రువపత్రం గొప్పలకి సరితూగాలని, నోళ్లు మూయించాలని. గ్యాసు వదిలిన గదిలో ఎంతమంది ఉండాలి తప్పు తప్పవడానికి? నడుస్తున్న పరీక్షని ఆపేసింది. గోదాం సిబ్బంది పేర్లన్నీ చెరిపేసి, ఒక్క పేరు మిగిల్చి, దాని చోట ఒకరు అని రాసింది. ఒక తలుపు. ఒక ఫ్యాను. మొదట లోపల, ఆ ఒకరి ఉపసమితులన్నిటిలో ఏదైనా, అంటే ఉన్నా ఉండొచ్చు, లేకపోయినా పోవచ్చు, అంతే. మీట నొక్కి చెయ్యి తీసేలోపల తెర ఎర్రబడింది. మొదటి స్థితి: లోపల ఒకరు, పెట్టె గుర్తు ఖాళీ, తలుపు మూసి ఉంది, గ్యాసు మూసి ఉంది. రెండో స్థితి: లోపల ఒకరు, పెట్టె గుర్తు ఖాళీ, తలుపు మూసి ఉంది, గ్యాసు తెరిచి ఉంది. మూడోది లేదు. ఇంతోటి దానికి భోజనాల వేళ నుంచీ కూర్చుంది. ఆ ఎర్ర అక్షరాల మీద ఆయన బొటనవేలి జిడ్డు అడ్డంగా ఉంటే చీర కొంగుతో తుడిచేసింది, అంటితే అంటనీ అని తుడిచేసింది.

శుభం సార్ ధ్రువపత్రం ఒక చేత్తో, కలం ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు, కలం మూత పళ్లతో తీస్తూ వచ్చాడు.

"వాళ్లొచ్చేశారమ్మా. నువ్వు కిందికి దిగే పని కూడా లేదు, ఇక్కడే పెట్టేయ్."

ఆమె తెర చూపించింది. ఆయన చదివాడు, కలం మూత పళ్ల మధ్యే ఉండిపోయింది.

"ఎవరు ఈ ఒకరు?"

"లోపలున్న మనిషి సార్."

"మొదట్లోనే లోపలెలా ఉన్నాడు? ఎప్పుడొచ్చాడు?"

"కార్డు చూపించే వచ్చాడు సార్. పెట్టె మర్చిపోయింది."

ఆయన నవ్వడానికి చూశాడు, మూత అడ్డం వచ్చింది. అప్పుడు వంగాడు, అదే భుజం మీంచి, అదే ఊపిరి, చెయ్యి కీబోర్డు మీదికి వచ్చింది, ఎక్కడికి వస్తోందో ఆమెకు తెలుసు, ఆ రెండు బ్రాకెట్ల మీదికే. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. కుర్చీతో సహా వెనక్కి జరిగింది, ఆయన ఊపిరి తగలనంత దూరం.

"కొట్టండి సార్. కొట్టి, కింద నా పేరు తీసేసి మీ పేరు వేయించుకోండి. ఆ గీత మీద మీరే పెట్టండి."

ఆయన వేలు మీట మీద గాల్లో ఆగింది. బల్ల మీద ధ్రువపత్రం, అడుగున ఆమె పేరు, పైన గీత. ఆయన ఆ గీత వంక చూశాడు, తన సంతకం అక్కడ ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు చూశాడు, మళ్లీ తెర మీది రెండు స్థితులు చదివాడు, ఈసారి పెదవులు కదుపుతూ చదివాడు. ఎవరూ లేరని ఇంకొకళ్ల సంతకంతో చెప్పించడానికి అలవాటు పడ్డ మనిషి తన సంతకంతో తను చెప్పడానికి జంకడం ఆమె కళ్లారా చూసింది, చూసి సంతోషం కలగలేదు, ఇంకా అసహ్యం వేసింది, ఇంత తేలిగ్గా ఆగే చెయ్యి ఇన్నాళ్లూ ఆగలేదు కదా అని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు.

"మరి వాళ్లకేం చెప్పమంటావు?"

"లేవగానే అందరూ లోపలే ఉన్నారనుకోవాలి సార్ ఆ పెట్టె. తలుపు తీసి, చూసి, ఒక్కొక్కళ్లనీ బయటికి పంపాకే లేరనుకోవాలి. అలా మార్చి తెమ్మనండి, అప్పుడు మళ్లీ పరీక్షిస్తాను."

ఆయన ఏదో అనేలోపల ఫోన్ మళ్లీ బల్ల మీద తిరిగింది. ఆమె తీసింది.

"అమ్మాయ్, గాలి తగ్గట్లేదు. ఆ సామాన్ల గది తలుపు విరిగిపోయేట్టుంది."

"గాలి కాదత్తయ్యా. లోపల ఎవరో ఉన్నారు. గడియ తీసి చూడండి."

"ఎవరుంటారే? నేను లేచేసరికి ఎవరూ లేరు కదా."

"ఉన్నారనుకుని తీయండి అత్తయ్యా. తీసి చూసి, అప్పుడు లేరనండి."

చెప్పుల చప్పుడు, టీవీ దూరమవడం, ఆవిడ ఆయాసం, ఆ బాదుడు ఫోన్లో దగ్గరయ్యేకొద్దీ పెద్దదవుతూ వచ్చింది, ఆమె ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది, పక్కన శుభం సార్ కలం మూత పెట్టేసి ధ్రువపత్రాన్ని మడవనా వద్దా అన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు, గీత మీద ఏమీ లేదు. గడియ కిర్రుమని చప్పుడు చేస్తూ తెరుచుకుంది. భర్త గొంతు వినిపించింది, అరిచి అరిచి బొంగురుపోయి, ఊపిరాడనట్టు, అతను ఏదో గట్టిగా అనబోయాడు. ఆవిడ అతని కన్నా ముందే అందుకుంది.

"నువ్వు లోపలున్నావా? వెళ్లే ముందు ఒక మాట చెప్పి వెళ్లొద్దట్రా?"